గానికి పట్టు లేదు

రాజమణి నాతో అన్న మొట్టమొదటి వాక్యంలోనే ఒక పదం నాకు అర్థం కాలేదు.

"ఆగుండ్రి సారూ! మీ గాను ఊగుతున్నది."

అది 1991వ సంవత్సరం, ఫిబ్రవరి నెల చివరి వారం. ఆర్మూరు మార్కెట్ యార్డు ముందు పసుపు బండ్లు బారులు తీరిన రోజులు. నిజామాబాదు రోడ్డు మీద నా స్కూటరును అత్యంత జాగ్రత్తగా నడుపుకొంటూ వస్తున్నాను. రోడ్డు పక్కన పంక్చర్ దుకాణంలో కూర్చున్న ఒక యువతి, సైకిల్ ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు వెతుకుతూ, తల అయినా ఎత్తకుండా ఆ మాట అన్నది.

నేను ఆగాను.

"క్షమించండి. నాది ఏది ఊగుతున్నదన్నారు?"

"గాను."

"గాను అనగా?"

అప్పుడు తల ఎత్తింది. చెంప మీద గ్రీజు మరక. ఆ మరకకు పైన, నవ్వు ఆపుకోవడానికి అవస్థ పడుతున్న రెండు కళ్ళు.

"గాను అంటె గానే సారూ. బండి గాను. మీ బుక్కులల్ల చక్రం అంటరు గద. గానికి నట్టు లూజైంది, చప్పుడు ఇనొస్తలేదా? ఏ దేశమోల్లు మీరు?"

"ధర్పల్లి."

ఆమె చేతిలోని ట్యూబు తొట్టిలోకి జారిపోయింది. "గీడ గీడనే ఉన్న ధర్పల్లా? ధర్పల్లోల్లకు గాను తెల్వదా? మరి ఊరి మాటలన్ని యాడ పారేసుకొనొచ్చిండ్రు?"

పరిహాసానికే అన్నది. దానికి నా దగ్గర జవాబు ఉన్నది, చెప్పలేదు. నా ఐదో ఏట మా అమ్మ పోయింది. మా నాన్న నన్ను హైదరాబాదుకు తీసుకొనిపోయి ఒక ఇంగ్లీషు బడి వసతిగృహంలో చేర్చారు. అక్కడ తెలుగు మాట దొర్లితే బెత్తం లేచేది. ఇంగ్లీషు వచ్చింది. తెలుగు తరువాత పుస్తకాలలో నుంచి వచ్చింది. ఆ తెలుగులో నేటికీ ఎవరూ నా వాక్యానికి తప్పు పట్టలేరు. ధర్పల్లి మాటలు మాత్రం తిరిగి రాలేదు. ఇంజనీరింగు ముగించి, నిజామాబాదులో ఒక పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ అధ్యాపకుడిగా చేరేనాటికి నాకు ఇరవై ఏడేళ్ళు. పుట్టిన నేల మాటలను పరదేశి వలె నోటుబుక్కులో రాసుకొంటూ తిరుగుతున్నాను.

ఆ నోటుబుక్కు జేబులో నుంచి తీసి రాసుకున్నాను: గాను, చక్రం.

ఆమె మెడ చాచి తొంగి చూసింది. "గిదేంది? నా మాటను పుస్తకంల ఎక్కిచ్చిండ్రా? మరి మా అవ్వ తిట్లు గూడ జెప్త. గంత చిన్న పుస్తకం సాలదు."

పాన తీసుకొని, రెండు నిమిషాలలో ముందు చక్రం నట్టు బిగించింది.

"మీరు పనిలో చాలా నేర్పరులు," అన్నాను.

ఆమె వెనక్కి తిరిగి చూసింది. వెనుక ఎవరూ లేరు. "నన్నేనా 'మీరు' అంటున్నది? ఇంకెవలనన్న అంటున్నరనుకున్న."

గాను అన్న పదాన్ని నేను తప్పుగా రాసుకోలేదు. అసంపూర్తిగా రాసుకున్నాను. ఆ లోపం నలభై రోజులలో ఒక మనిషి కుడిచేతిని మింగింది.

నేను ఆనాడు వచ్చింది పక్క షెడ్డుకు. అది బషీర్ ఉస్తాద్ గ్యారేజీ. లోపల సీట్లు ఊడదీసిన తెల్లని మారుతి కారు దిమ్మల మీద నిలబడి ఉన్నది. పసుపు వ్యాపారి కాశీరాం సేటుది. ఏప్రిల్ రెండో ఆదివారం హైదరాబాదు శివార్లలో మట్టి ట్రాకు మీద జరిగే పందెంలో దానిని దింపాలని ఆయన పట్టుదల. నడిపేవాడు తుకారాం. రాజమణికి అన్న. తండ్రి లేని ఆ ఇంటికి పెద్ద.

బషీర్ ఉస్తాద్ తెల్లగడ్డం నిమురుకొంటూ విషయం చెప్పాడు. "సాబ్, గీ పోరడు స్టీరింగు పట్టిండంటె బండి ఆని మాట ఇంటది. లేకిన్ సామాన్ మంచిది పడాలె. కోయంబత్తూరుకెళ్ళి రెండు పెట్టెలొచ్చినయి. ఒకటి పెట్టుకోవాలె, ఒకటి వాపస్ పంపాలె. ఏది పెట్టాలెనో నాకు సమజ్ అయితలేదు. చదువుకున్నోల్లు, మీరు జెప్పుండ్రి."

రెండు చెక్క పెట్టెలు. రెండింటిలోనూ లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియళ్ళే. తీరు మాత్రం వేరు.

తుకారాం నాకు మొదటి పెట్టె మూత ఎడమచేత్తో అందించాడు. కొంతసేపటికి చెల్లెలు తెచ్చిన టీ గ్లాసు కూడా ఎడమచేత్తోనే అందించాడు. పెద్దలకూ అతిథులకూ ఎడమచేత్తో ఏదీ ఇవ్వరాదన్నది నా పెంపకం. నాకు మనసు చివుక్కుమన్నది. మర్యాద తెలియని మనిషి అని తీర్మానించుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు.

టీ తెచ్చిన రాజమణి అక్కడే నిలబడి పెట్టెలలోకి చూసింది. "గివి ఏం జేస్తయి సారూ?"

అధ్యాపకుడిని ఎవరయినా ప్రశ్న అడిగితే ఇక ఆగడు. "కారు మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి. అందుకు వీలు కల్పించేది డిఫరెన్షియల్. దానిలో ఒక దోషం ఉన్నది. ఒక చక్రం బురదలో జారితే ఇంజను శక్తి అంతా ఆ జారే చక్రానికే పోతుంది. పట్టు ఉన్న చక్రం ఊరకే ఉండిపోతుంది."

"అంటె, గుంజే ఎద్దును ఇడిసిపెట్టి కూలబడ్డ ఎద్దుకే దాణా అంత పోసినట్టు."

నేను రెండు పీరియడ్లలో చెప్పే పాఠం అది. "సరిగ్గా అంతే," అన్నాను, కొంచెం నొచ్చుకొని.

"మరి గీ డబ్బల్లోటివి?"

"జారే చక్రానికి కళ్ళెం వేసి, పట్టు ఉన్న చక్రానికి శక్తి పంపుతాయి. ఇది ప్లేట్లది. ప్లేట్లు ఒకదానినొకటి అదిమి రెండు చక్రాలనూ ఒకటిగా బిగిస్తాయి. ఒక చక్రం గాలిలోకి లేచినా రెండోది లాగుతూనే ఉంటుంది. కాని ఈ కారును లాగేవీ ముందు చక్రాలే, మలుపు తిప్పేవీ అవే. కనుక ప్లేట్లు బిగిసినప్పుడల్లా స్టీరింగు చేతిలో గుంజుకొంటుంది. ఆ రెండోది గేర్లది. మెత్తనిది, స్టీరింగును అంతగా గుంజదు. కాని ఒక చక్రం నేల విడిచిందంటే అది ఏమీ చేయలేదు."

రాజమణి ముఖంలో నవ్వు నిలిచిపోయింది. "స్టీరింగు గుంజుకుంటదా? ఎంత గుంజుకుంటది?"

"బలమైన చేతికి అది లెక్కలోనిది కాదు."

ఆమె అన్న వంక చూసింది. అతడు కుడిచేతిని తువ్వాల కింద దాచుకొని, "నీకెందుకే మణీ గీ ముచ్చట్లు? పో, గా ట్యూబు సంగతి జూసుకో," అన్నాడు.

ఆమె వెళ్ళిపోయింది. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి నా వైపు ఒక చూపు చూసింది. అది పొగడ్త అనుకున్నాను. ఇరవై ఏడేళ్ళ వయసు అటువంటిది.

ఆ తరువాత ప్రతి బుధవారం, ప్రతి ఆదివారం నేను ఆర్మూరు వచ్చాను. కారుకు కావలసిన కొలతలు రెండు రాకపోకలతో పూర్తయ్యాయి. మిగిలినవన్నీ నా స్కూటరు కోసమే. దాని ముందు చక్రం నట్టు ఎందుచేతనో మాటిమాటికీ వదులవుతూ వచ్చింది.

నాలుగోసారి రాజమణి పాన చేతిలో పట్టుకొని నిలబడింది. "సారూ, ఒక మాట అడుగుత, నిజం జెప్పాలె. గీ నట్టు నేను బిగిచ్చుడు, మీరు ఊరు దాటంగనే ఇప్పుకొనుడు. గంతేనా?"

"యంత్రాలలో కంపనం వలన నట్లు వదులగుట సహజం."

"కంపనం అంటె?"

"వణుకు."

"మరి వణుకుతున్నది స్కూటరా, మీరా?"

నోటుబుక్కు తీసి ఏదో రాసుకొంటున్నట్టు నటించాను. దానిని తలకిందులుగా పట్టుకున్నానని ఆమె చెప్పవలసి వచ్చింది.

మార్చి మూడో వారంలో అకాల వాన వచ్చింది. యార్డులో ఉడికించి ఎండబెట్టిన పసుపు కొమ్ములు ఎకరాల మేర పరచి ఉన్నాయి. ఒక్క తడుపు తడిస్తే రంగు పోతుంది. సంవత్సరపు కష్టం నల్లబడుతుంది. మబ్బు కమ్మగానే రైతులు, హమాలీలు, ఆడవాళ్ళు, అందరూ పసుపు మీద కప్పే తాటిపత్రుల కోసం పరుగులు తీశారు. రాజమణి అవ్వ, అంటే తల్లి, ముత్తవ్వ యార్డులో కొమ్ములు ఏరే పని చేస్తుంది. ఆమె అరిచిన అరుపుకు నేను కూడా పరుగెత్తాను. తాటిపత్రి ఒక కొస నా చేతికి వచ్చింది. రెండో కొస రాజమణి చేతిలో ఉన్నది.

గాలికి అది మమ్మల్నిద్దరినీ ఎగరేసుకొనిపోయేలా ఉన్నది. చివరికి పసుపు రాశి మీద దానిని కప్పి, కొసలు తొక్కిపెట్టి, పక్కనే ఉన్న రేకుల కప్పు కిందికి చేరాము. ఆమె జుట్టులో నుంచి కారిన వాన చినుకులు చెంప మీది గ్రీజును దాటలేక పక్కకు తిరిగి పోతున్నాయి. చూడరాదని తెలిసీ చూశాను.

"ఏంది గట్ల జూస్తున్నరు? గిది గూడ రాసుకుంటరా?"

"దీనికి నా దగ్గర పదం లేదు."

ఆమె తల వంచుకున్నది. రేకుల మీద వాన మోత. నవ్వు లేకుండా అడిగింది.

"సారూ, ఒక సంగతి ఉన్నది. ఒకలకు ఒట్టు వెట్టిన. మా అవ్వ మీద. గా ఒట్టు దప్పితె ఏమైతది? మీ బుక్కులల్ల ఏమన్న ఉన్నదా?"

ఈ ప్రశ్నకు నేను ఎదురు ప్రశ్న వేసి ఉండవలసింది. ఏ ఒట్టు, ఎవరికి, ఎందుకు, అని. కాని ఆమె ముందు ఉన్నతుడిగా కనిపించాలని నాకు కోరిక. ఛాతీ విరుచుకొని చెప్పాను: "ఇచ్చిన మాటను ఎట్టి పరిస్థితిలోనూ తప్పరాదు. మనిషికి మాటే ప్రమాణం."

"ఎట్టి పరిస్థితిల గూడనా?"

"ఎట్టి పరిస్థితిలోనూ."

"సరె సారూ," అని ఆమె వానలోకి చూస్తూ నిలబడింది.

ఏప్రిల్ మొదటి గురువారం కారును నడిపి పరీక్షించాలని సేటు కబురు పంపాడు. నందిపేట్ అవతల, వేసవికి గోదావరి నీళ్ళు వెనక్కి పోయిన నేల మీద. ముందురోజు బుధవారమే నిర్ణయం కావాలి.

నిజం చెప్పాలంటే నేను గేర్ల దాని వైపే మొగ్గి ఉన్నాను. కారు తేలికది, ఇంజను చిన్నది, స్టీరింగు మెత్తగా ఉండడమే మేలనిపించింది. కాని వానలకు ఆ నేల గాడులు పడి ఉంటుందని, చక్రాలు లేస్తాయని ఒక అనుమానం. రెండు పెట్టెలూ ముందు పెట్టుకొని కూర్చున్నాను. పక్క ఆవరణలో పసుపును మెరుగు పెట్టే ఇనుప డ్రమ్ములు తిరుగుతున్నాయి. ఆ మోతలో మనిషి మాట మనిషికి వినబడదు.

రాజమణి టీ పట్టుకొని వచ్చింది. పది అడుగుల దూరంలో తుకారాం టైరుకు గాలి చూసుకొంటున్నాడు. ఆమె గ్లాసు నా ముందు పెట్టి, వంగి, అన్నకు వినబడకుండా, తొందర తొందరగా అన్నది.

"సారూ, గానికి పట్టు లేదు. జర సోంచాయించి పెట్టుండ్రి."

ఆలోచించి పెట్టమంటున్నది. నా అనుమానం తీరిపోయింది. చక్రానికి పట్టు లేదు! టైర్లతోనే పుట్టి పెరిగిన మనిషి. గోదావరి నేల ఎటువంటిదో ఎరిగిన మనిషి. నా పుస్తకాలు తేల్చలేని దానిని నాలుగు మాటలలో తేల్చింది. ఆ మాట నాకు ఆమే నేర్పినది కూడా. గర్వంతో నా గుండె నిండింది.

"చాలా సంతోషం రాజమణి గారూ. నాకు అర్థమయింది. మీరు చెప్పినట్టే చేస్తాను."

"నిజంగనా?" ఆమె కళ్ళలో నీళ్ళు నిలిచాయి. "సమజైందా మీకు? ఒట్టు?"

"నా మాట."

ఎన్నో రోజుల బరువు దించుకున్నట్టు ఆమె ముఖం వికసించింది. ఆ ముఖాన్ని అంతకు ముందు నేను ఎన్నడూ అంత దగ్గరగా చూడలేదు. ఖాళీ గ్లాసు తిరిగి ఇచ్చేటప్పుడు వేళ్ళు వేళ్ళకు తగిలాయి; ఆమె వెనక్కి తీసుకోలేదు.

ఆ మధ్యాహ్నమే బషీర్ ఉస్తాద్ చేత ప్లేట్ల డిఫరెన్షియల్ బిగింపజేశాను. పట్టు చాలకపోతుందేమోనని ప్లేట్లను అదిమే స్ప్రింగులను మరొక జత వేయించాను. "జర సఖ్త్ అయితది సాబ్, గట్టిగ బిగుస్తది," అన్నాడు ఉస్తాద్. "కావలసింది అదే," అన్నాను. గేర్ల దానిని పెట్టెలో పెట్టి, మేకులు కొట్టి, లారీ పార్శిల్‌కు పంపించివేశాను.

మరునాటి ఉదయం నందిపేట్ అవతల నేల మీద ఎండ పరచుకొని ఉన్నది. పైపొర ఎండిపోయింది; దాని కింద బురద. పశువుల బండ్లు తిరిగిన గాడులు రాయివలె గట్టిపడి ఉన్నాయి. రాజమణి మాతోపాటు వచ్చింది. అన్న హెల్మెట్ పట్టీ తానే బిగించింది.

"పైలంగ పో అన్నా."

"ఏం ఫికర్ లేదు. మన సారు పెట్టిండు గద."

ఆమె నా వైపు చూసి నవ్వింది. నిశ్చింతగా, నమ్మకంతో.

మొదటి రెండు చుట్లు కారు అద్భుతంగా లాగింది. ఉస్తాద్ చప్పట్లు కొట్టాడు. మూడో చుట్టులో తుకారాం వేగం పెంచి మలుపులోకి వచ్చాడు. రెండో గేరు నుంచి మూడో గేరుకు మార్చాలి. మన దేశపు కారులో గేరు కడ్డీ డ్రైవరుకు ఎడమవైపు ఉంటుంది. ఎడమచెయ్యి గేరు మీదికి పోతే, స్టీరింగు మీద మిగిలేది కుడిచెయ్యి ఒక్కటే. ఆ క్షణంలో కుడి చక్రం గాడిలో పడింది. ప్లేట్లు బిగిశాయి. స్టీరింగు గిర్రున తిరగడం నాకు అంత దూరానికీ కనిపించింది. దాని మీద చెయ్యి లేదు.

కారు రెండు పల్టీలు కొట్టి కుడిపక్కకు పడింది. తుకారాం చెయ్యి కిటికీలో నుంచి బయటికి వచ్చి, కారుకూ నేలకూ మధ్య ఉన్నది.

రాజమణి కేక వేయలేదు. పరుగెత్తింది.

నిజామాబాదు పెద్ద దవాఖానలో మరునాడు మధ్యాహ్నం డాక్టర్లు అతని కుడిచేతిని మోచేతి కింద తీసివేశారు. వరండాలో ముత్తవ్వ నేల మీద కూర్చుని గోడకు తల ఆనించి ఉన్నది. రాజమణి నా ఎదురుగా వచ్చి నిలబడింది. చెంప మీద గ్రీజు లేదు. ఆ చెంపను గ్రీజు లేకుండా చూడడం అదే మొదటిసారి.

"చెప్పిన గద సారూ," అన్నది. "గానికి పట్టు లేదని చెప్పిన గద మీకు. సమజైందన్నరు. మాటిచ్చిండ్రు. మల్ల గా గుంజుకునేదే ఎట్ల పెట్టిండ్రు?"

"మీరు చెప్పినందుకే పెట్టాను. చక్రానికి పట్టు లేదన్నారు కనుకనే..."

"ఏ చక్రం?"

"గానికి అన్నారు కదా. గాను..."

అర్థం కావడం ఆమె ముఖంలో మెల్లమెల్లగా, పై నుంచి కిందికి దిగింది.

"గాను గాదు," అన్నది చివరికి. "గాను గాదు సారూ. గాడు. మా అన్న. గానికి పట్టు లేదన్న. గాని చేతికి." ఆమె తన కుడిచేతి వేళ్ళను ముడవబోయి సగంలో ఆపి చూపింది. "పోయినేడు పసుపు డ్రమ్ము ఇరుసు కింద పడ్డది చెయ్యి. వేళ్ళు గింతవరకే ముడుసుకుంటయి. ఎర్కయితె సేటు ఇంకొకన్ని పెట్టుకుంటడని, చెయ్యి అన్న మాట నోట్లకెళ్ళి రావద్దని అవ్వ మీద ఒట్టు వెట్టిచ్చుకుండు. గందుకె చెయ్యి అనకుంట జెప్పిన. ఒట్టు దప్పద్దని మీరే అంటిరి గద."

నా జేబులో నోటుబుక్కు ఉన్నది. దాని బరువు ఆనాడు తెలిసింది.

"రాజమణి గారూ, నేను..."

"పొండ్రి సారూ. నాకు మీ మొకం జూడబుద్ధయితలేదు. నా మొకం గూడ జూసుకోబుద్ధయితలేదు."

నేను వెంటనే పోలేదు. లోపలికి వెళ్ళి తుకారాంకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఏ మాట విన్నానో, ఏమని అర్థం చేసుకున్నానో, స్ప్రింగులు ఎందుకు వేయించానో, అంతా. అతడు పైకప్పు చూస్తూ విన్నాడు.

"గానికి," అన్నాడు. నవ్వబోయాడు, రాలేదు. "దాసిపెట్టింది నేను సారూ. నువ్వు అడగలే. ఇద్దరం గలిసి జేసినం. గని ఒక మాట. డ్రైవింగు ఇడిసిపెడితె ఏం జెయ్యాల్నో నాకు తెల్వకుండె. గందుకె దాసిన. ఇప్పుడు గూడ తెల్వదు."

ఆ రోజే ఆర్మూరు దాకా పోయి నోటుబుక్కును పంక్చర్ దుకాణపు బల్ల మీద పెట్టి వచ్చాను. ఇక ఆ భాష రాసుకొనే అర్హత నాకు లేదనిపించింది.

కాశీరాం సేటు కారు అమ్మివేశాడు. బషీర్ ఉస్తాద్ ఆ షెడ్డులో మళ్ళీ ట్రాక్టర్లు బాగుచేయసాగాడు. నేను ప్రతి ఆదివారం ఆర్మూరు వెళ్ళి, తుకారాంను స్కూటరు వెనుక కూర్చోబెట్టుకొని కట్టు మార్పించి తీసుకొని వచ్చేవాణ్ణి. రాజమణి నాతో మాట్లాడలేదు. ఏప్రిల్ పోయింది, మే పోయింది, జూన్ పోయింది. పంక్చర్ దుకాణం వెనుకనే ఉన్న వాళ్ళ ఇంటి గుమ్మంలోకి నేను వస్తే లోపలి నుంచి ముత్తవ్వ "ఎవలే?" అని అడిగేది. "సారు," అని రాజమణి జవాబు. నా పేరు, నా ఊరు, నా తప్పు, అన్నీ ఆ ఒక్క మాటలో ఉండేవి.

ఒకనాడు ముత్తవ్వ నా ఎదురుగా వచ్చి నిలబడింది. "నా కొడుకు చెయ్యి తెచ్చిస్తవా బిడ్డా?"

నేను తల వంచుకున్నాను.

"తేలేవు గద. మరి వారం వారం వచ్చి గట్ల తలకాయ వంచుకొని కూసుంటె ఏమొస్తది? లే. బోరింగు కాడ బిందె ఉన్నది, నింపుకొని రా."

ఆనాటి నుంచి నేను ఆ ఇంట్లో నీళ్ళు మోశాను. పంక్చర్ దుకాణంలో ట్యూబుకు ఒక కొస తుకారాం ఎడమచేత్తో పట్టుకొంటే, రెండో కొస నేను పట్టుకొన్నాను. మొదట అతడు విసుక్కొనేవాడు. "గట్ల గాదు సారూ, ఇంజనీరువు గదా, ట్యూబు పట్టుడు రాదా?" తరువాత తరువాత ఇంజను చప్పుడు విని రోగం చెప్పడానికి ఉస్తాద్ అతణ్ణి పిలవసాగాడు. డ్రైవరు సీటు వైపు మాత్రం అతడు చూసేవాడు కాదు.

జూలై రెండో ఆదివారం. నిజమైన వానాకాలపు వాన. తడిసి ముద్దయి దుకాణం ముందు స్కూటరు ఆపాను. రాజమణి తొట్టిలో ట్యూబు ముంచి బుడగలు వెతుకుతున్నది. తల ఎత్తలేదు.

"గాను ఊగుతున్నది," అన్నది.

మూడు నెలల తరువాత నాతో అన్న మొదటి మాట. నేను నట్టు ముట్టుకోలేదు. నిజంగానే వదులయింది.

ఆమె పాన తెచ్చి బిగించింది. తరువాత కొంగుతో చేతులు తుడుచుకొని, బల్ల సొరుగులో నుంచి నా నోటుబుక్కు తీసి ఇచ్చింది. మొదటి పుటలో నా అక్షరాల కింద ఆమె అక్షరాలు ఉన్నాయి. ఏడో తరగతితో ఆగిపోయిన గుండ్రని రాత.

గాను అంటె చక్రం. గాడు అంటె వాడు. రెండిటికి గానికి అనే అంటరు. తెల్వకుంటె అడగాలె.

నేను ఆ నాలుగు వాక్యాలను చాలాసార్లు చదివాను. వాన నీళ్ళు పుట మీద పడకుండా చేతిని అడ్డం పెట్టుకున్నాను.

"అయితే ఒకటి అడుగుతాను," అన్నాను. "మీకు సమ్మతమైన పక్షంలో, మిమ్మల్ని వివాహమాడవలెనని నా ఆకాంక్ష. దానికి నేను అర్హుణ్ణి కానని ఎరుగుదును. అయినప్పటికీ..."

"గిది తెలుగేనా?"

"అవును."

"గింత వానల గంత పెద్ద తెలుగా." నవ్వు రాబోయి, మధ్యలో ఏడుపయింది. "మిమ్మల్ని జూస్తె మా అన్న చెయ్యి యాదికొస్తది సారూ. దినాం యాదికొస్తది."

"నాకూ వస్తుంది."

"గదే. నేనొక్కసారి చెయ్యి అని అంటె అయిపోతుండె. ఒట్టు గిట్టు గంగల కలవనియ్యి అనుకుంటె అయిపోతుండె. గా ముచ్చట ఇంకెవనికి జెప్పినా సమజ్ గాదు. ఇంకెవన్ని జేసుకున్నా నేనొక్కదాన్నే మొయ్యాలె." మోచేత్తో కళ్ళు తుడుచుకున్నది. గ్రీజు చెంప నిండా పరచుకున్నది. "నీతోనైతె ఇద్దరం మోస్తం."

ఆమె నన్ను 'నువ్వు' అన్నదని నాకు ఆలస్యంగా తట్టింది.

లోపలి నుంచి ముత్తవ్వ గొంతు వినిపించింది. "ఎవలే, గీ వానల?"

రాజమణి జవాబు చెప్పడానికి నోరు తెరిచి ఆగింది. తొట్టి వైపు వంగింది. నీళ్ళలో చెయ్యి పెట్టి, లేని బుడగ కోసం వెతుకుతూ అన్నది.

"గాయన వచ్చిండు."

నేను నా పాఠం మరచిపోలేదు. తెలియకపోతే అడగాలి.

"గాయన అనగా?"

ఆమె తల ఎత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. జవాబు లోపలి మంచం మీది నుంచి వచ్చింది.

"గాయన అంటె ఎవలని అడుగుతున్నవా?" అన్నాడు తుకారాం. "మా అవ్వ మా నాయినను ఇరవై ఏండ్లు గట్లనే అన్నది. పేరు వెట్టి ఒక్కనాడు అనలే." గొంతు పెంచాడు. "అవ్వా, టీ పెట్టు. బావ తడిసొచ్చిండు."

ముత్తవ్వ పొయ్యి రాజేసిన చప్పుడు వినిపించింది.

టీ తుకారామే తెచ్చాడు. మోచేతి కింద ముడివేసిన ఖాళీ చొక్కా చెయ్యి పక్కకు ఊగుతున్నది. ఎడమచేత్తో గ్లాసు నా ముందుకు చాచాడు.

నేను కుడిచెయ్యి చాచి, ఆగి, రెండు చేతులతో అందుకున్నాను.